దారం ఉన్న వైపే పైది

“చల్లగా ఉంటాదని ఇస్తివి. నా బిడ్డ మొగం జూడు, నిప్పు తొక్కినట్ల ఎగురుతాంది.”

“నువ్వడిగితే ఇచ్చినా. నేనేమన్నా మీ ఇంటికొచ్చి పూసినానా? చెమటకాయలకు ముల్తానీ మట్టి ఉందా సారక్కా అని గిన్నె పట్టుకోని వచ్చింది ఎవురు?”

“లేకుంటే లేదని చెప్పాల. ఆ మన్నులో ఏం కలిపినారు మీరు?”

“ఏం కల్పుతాం మే? మా ఆయన ఓడలో తెచ్చిన మన్ను. దాంట్లో బొగ్గుపులుసు ఉందని ఆయన చెప్తాంటే ఎన్నిసార్లో విన్యా.”

“పులుసా? పులుసు తెచ్చి పుండుకు పూస్తే మండక చల్లగుంటాదా?”

ఆళ్లగడ్డ చర్చి సందులో, తన ఇంటి దడి ఇవతల నిలబడి జ్ఞానప్రకాశం ఈ మాటలు విన్నాడు. ఉయ్యాలవాడ దారిలో ఎవరిదో సగం తవ్విన బావి చూసి వస్తున్నాడు. భుజం మీద తాడు చుట్ట అట్లే ఉంది. లోపల పోట్లాడుతున్నది ఒకరు ఆయన భార్య సారమ్మ, రెండో మనిషి పక్కింటి హుస్సేన్‌బీ. హుస్సేన్‌బీ కూతురు జైనాబీ అరుగు మీద కూర్చొని మొహం మీద నీళ్లు చల్లుకుంటూ ఏడుస్తోంది.

సముద్రపు మన్ను. దాంట్లో ఉప్పు ఉంటుంది. గోకి గోకి పచ్చిచేసుకున్న చెమటకాయల మీద ఉప్పు పడితే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరు అక్కరలేదు. కానీ జ్ఞానప్రకాశం ఆ పిల్లవైపు చూడనే లేదు. తాడు కింద పడేసి గబగబా లోపలికి పోయి, దూలం సందులో పెట్టిన గుండ్రటి సిగరెట్టు డబ్బా దించినాడు. మూత తీసినాడు. తడిగుడ్డ విప్పినాడు. జానెడుకు కొంచెం తక్కువగా నిలబడి ఉండాల్సిన మన్నుముద్దలో మూడో వంతు లేదు.

“ఏ వైపు నుంచి తీసినావు?” అన్నాడు బయటికొచ్చి.

ఆడవాళ్లిద్దరూ పోట్లాట ఆపి ఆయన మొహం చూసినారు.

“వైపేంది? మన్నుకు వైపుంటాదా?” అంది సారమ్మ.

“దారం కట్టిన వైపా, కట్టని వైపా?”

“దారం కట్టిన వైపే. ఆడ మెత్తగా ఉన్యింది, గిల్లితే వచ్చింది. కింద గట్టిగుండె.”

జ్ఞానప్రకాశం అరుగు మీద కూలబడినాడు. హుస్సేన్‌బీ అన్నీ మరిచిపోయి, ఏమన్నా విషం కలిసిందా అన్నా, నా బిడ్డకేమన్నా అయితాదా అని అడిగింది. ఏమీ కాదమ్మా, మంచినీళ్లతో కడుగు, అది ఉప్పు మంట, ఘడియలో పోతుంది అని చెప్పినాడు. చెప్పినాడే గానీ ఆయన మొహం చూసి ఆమెకు నమ్మకం కుదరలేదు. బిడ్డను చంకలో వేసుకొని పరుగున పోయింది.

ఇది వెయ్యిన్ని తొమ్మిదివందల యాభై ఎనిమిది, సెప్టెంబరు నెల.

జ్ఞానప్రకాశానిది బావులు తవ్వే కుటుంబం. నంద్యాల మిషను బోర్డింగులో నాలుగో ఫారం దాకా చదివినాడు. దొరసాని టీచరు ఒకామె పలక మీద బొగ్గుపులుసు వాయువు అని రాయించి, మనం విడిచేది అదే, చెట్టు తినేది అదే అని చెప్పిన సంగతి ఆయనకు బాగా జ్ఞాపకం. తరువాత చదువు పోయి పలుగు వచ్చింది. తండ్రి వెంట పదేండ్లు బావులు తవ్వినాడు.

ఈ సీమలో బావి తవ్వేవాళ్లకు ఒక కట్టు ఉంది. లోపలి నుంచి వచ్చిన మన్ను ఎట్లబడితే అట్ల పోయకూడదు. మొదటి తట్ట తూర్పు కొసన పోయాల. మన్ను రంగు మారినప్పుడల్లా దాని పక్కన కొత్త కుప్ప. నల్లరేగడి ఒక కుప్ప, సున్నపు గరుసు ఇంకో కుప్ప, ఎర్రమన్ను ఇంకొకటి, చివరికి బండ ముక్కలు. పొలం ఆసామి సాయంత్రం వచ్చి తూర్పు నుంచి పడమటికి ఆ కుప్పల వెంబడి నడిస్తే, బావిలోకి దిగకుండానే బావిలోకి దిగినట్టు. ‘మొదటి తట్ట పైది’ అని వాళ్లలో మాట. చిన్నపిల్లోడు కూడా తప్పడు. జ్ఞానప్రకాశం చేతివేళ్లకు ఆ మాట ఎముకలోపలికి పట్టి ఉంది. ఆయన కొంప ముంచింది కూడా అదే.

యుద్ధం రోజుల్లో మద్రాసు రేవుకు పోయి, బరువులెత్తే విన్చి నడపడం నేర్చుకున్నాడు. రేవు నుంచి ఓడ. రంగూను, కొలంబో, కేప్‌టౌను. యాభై ఆరు చివర్లో ఒక తెల్లాయన విన్చి నడిపేవాడు కావాలని వస్తే, ఈయన చెయ్యి నిదానమైందని ఏజెంటు పంపించినాడు. అది సరుకుల ఓడ కాదు. దక్షిణంగా, ఇంకా దక్షిణంగా, మంచు గుట్టలు తేలే సముద్రానికి పోయి అడుగున ఉండే బురద తీసుకొచ్చే ఓడ. ఆ తెల్లాయన్ను ఓడలో పనివాళ్లు బురద డాక్టరు అని పిలిచేవాళ్లు. ఆయనకూ ఆ పేరు తెలుసు, కోపం లేదు. జ్ఞానప్రకాశం పోయేనాటికి కర్నూలు రాజధానితనం పోయి నెల కూడా కాలేదు. ఏడాదిన్నరకు తిరిగొచ్చి బావుల సంగతి అడిగినవాళ్లకు, బావి లోతు నాకు ఇంక ఆనదప్పా, నేను రెండు మైళ్ల లోతు బావి చూసినా అని చెప్పేవాడు. జనం నవ్వేవాళ్లు.

పని ఏమంటే, నాలుగు నిలువుల పొడవు ఇనుప గొట్టం. దాని నెత్తిన సీసపు బరువులు. ఉక్కు తాడుకు కట్టి నీళ్లలోకి వదులుతారు. రెండు మైళ్లు దిగి, గొట్టం మూతి బురదలో గుచ్చుకుంటుంది. మళ్లీ పైకి లాగాల. లాగేది జ్ఞానప్రకాశం. రెండు గంటలు, మూడు గంటలు. తొందరపడితే తాడు తెగుతుంది, ఆలస్యం చేస్తే మంచుగడ్డ మీదికొస్తుంది. పైకొచ్చిన గొట్టాన్ని డెక్కు మీద పడుకోబెట్టి, నెత్తి వైపు నుంచి కడ్డీ దూర్చి తోస్తే, మూతిలోనుంచి మన్ను కడ్డీలాగా బయటికొస్తుంది. మూరకొక ముక్క కోసి పెట్టెలో పడుకోబెట్టాల.

మొదటిసారి ఆ మన్ను చూసినప్పుడు జ్ఞానప్రకాశానికి తన తండ్రి కుప్పలు కళ్లముందుకొచ్చినాయి. ఒక చోట పచ్చగడ్డి నమిలి ఉమ్మినట్టు ఆకుపచ్చ. ఒక చోట బూడిదరంగు, మధ్యలో గులకరాళ్లు. రెండు మైళ్ల నీళ్ల కింద గులకరాయి ఎట్లొచ్చింది దొరా అని అడిగితే డాక్టరు సంతోషపడి పని ఆపి మరీ చెప్పినాడు. నేలమీది మంచు రాళ్లను పట్టుకొని సముద్రంలోకి జారుతుంది. మంచు కరిగినచోట రాయి జారవిడుస్తుంది. గులకరాళ్ల బూడిదమన్ను ఉందంటే, ఆ కాలంలో అక్కడ నెత్తిమీద మంచు పేరుకొని ఉన్నట్టు.

మరి పచ్చది? పచ్చది ఇంకా వింత. చల్లటి నీళ్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. ఎండ తగిలే పైనీళ్లలో కంటికి కనపడని మొక్కలు కోట్లు కోట్లు ఉంటాయి. అవి దాన్ని తిని బతుకుతాయి. చస్తే కిందికి రాలతాయి. రాలేటప్పుడే చాలావరకు కుళ్లి, తిన్న బొగ్గును మళ్లీ నీళ్లకే ఇచ్చేస్తాయి. ఏ కొంచెమో అడుగుకు చేరుతుంది. దానిమీద ఇంకో పొర పడుతుంది, ఇంకో పొర పడుతుంది. గాలి తగలదు, పైగా చలి. అట్ల ఆ బొగ్గు వేల ఏండ్లు అక్కడే ఉండిపోతుంది. పచ్చమన్ను ఉందంటే మంచు తొలగి ఎండ తగిలిన కాలం, బొగ్గు అడుగుకు పోయి దాక్కున్న కాలం. ఎంత కాలం దొరా అంటే డాక్టరు రెండు వేళ్లు చూపించినాడు. ఏసుక్రీస్తు పుట్టినప్పటి నుంచి ఈ రోజు దాకా పడిన మన్ను ఇంతే మందం.

“పాతర” అన్నాడు జ్ఞానప్రకాశం తెలుగులో. డాక్టరుకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పేంత ఇంగ్లీషు ఈయనకు లేదు. నేలలో గుంత తవ్వి, వరిగడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి మూసేస్తే ఎన్నేండ్లయినా ఉంటాయి గదా, అట్లాంటిది. ఆ పాతర తెరిచినప్పుడు వచ్చే గాలి కూడా ఇదే వాయువు. ఆ సంగతి జ్ఞానప్రకాశానికి తెలిసినంతగా డాక్టరుకు కూడా తెలిసి ఉండదు.

ఏడో గొట్టం రోజున తప్పు జరిగింది.

కోసిన ముక్కలకు నంబర్లు వేసేది డాక్టరు కింద పనిచేసే కుర్ర తెల్లాయన. మన్ను గొట్టం మూతిలోనుంచి వస్తుంది గనుక మొదట బయటికొచ్చేది అట్టడుగుది. చివర వచ్చేది పైది. కుర్రదొర ముక్కలన్నీ వచ్చేదాకా ఆగి, చివరి ముక్కకు ఒకటి వేసి వెనక్కి లెక్క వేసుకుంటూ పోయేవాడు. ఆ రోజు అతనికి జ్వరం. డాక్టరు ఇంకో పక్క నీళ్ల సీసాలు దింపుతున్నాడు. గాలికి చేతులు కొయ్యబారినాయి. దూరంగా ఉన్న మంచుగడ్డ దగ్గరికొస్తోందని పైనుంచి కేకలు. జ్ఞానప్రకాశమే సుద్దముక్క తీసుకొని నంబర్లు వేసినాడు. మొదట వచ్చిన ముక్కకు ఒకటి. మొదటి తట్ట పైది.

మేకులు కొట్టినారు. పెట్టె ఓడ అడుగు గదికి పోయింది. మూడు రోజులకు కుర్రదొర లేచి వచ్చి ఎనిమిదో గొట్టానికి వెనకనుంచి నంబర్లు వేస్తుంటే విన్చి కాడ నిలబడిన జ్ఞానప్రకాశం చెయ్యి ఆగిపోయింది. తాడు కొంచెంలో తెగేది. డాక్టరు అరిచినాడు. ఆ అరుపు చల్లారినాక చెప్దాం అనుకున్నాడు. మరుసటి రోజు చెప్దాం అంటే, నిన్న ఎందుకు చెప్పలేదంటాడు. వారమయితే, వారం ఏం చేసినావంటాడు. అట్ల పదకొండు నెలలు గడిచినాయి.

ఏడో గొట్టం చివర్లో బయటికొచ్చిన ముక్క ఒకటి మూరకు రాలేదు, పొట్టిది. దానికంటే పైన ఉండే గంజిలాంటి బురద డెక్కు మీద కారిపోయింది. ఈ పొట్టిముక్క పెట్టెలో ఇమడలేదని డాక్టరు నవ్వి, నువ్వుంచుకో, నీ దేశానికి తీసుకపో అన్నాడు. సిగరెట్టు డబ్బాలో పెట్టి, తప్పు తెలిసినాక నెత్తికి తెల్లదారం కట్టి తెచ్చినాడు. తడిగుడ్డ రోజూ మార్చేవాడు. సారమ్మకు అది నవ్వులాట. పసిబిడ్డకు గుడ్డలు మార్చినట్టు మారుస్తాండావే అనేది. ఆమెకు అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఆగస్టులో డాక్టరు రాసిన ఇంగ్లీషు జాబు వచ్చింది. చదివి చెప్పింది ఓబులేసు. రాళ్లు చెక్కేవాళ్ల ఇంటి పిల్లోడు, అనంతపురం కాలేజీలో రెండేండ్లు చదివి మాస్టరుతో తగాదా పెట్టుకొని వచ్చేసినాడు. ఉలి పట్టడు, ఊరు విడవడు, ఒక చోట పది నిమిషాలు కూర్చోడు. పత్రిక కూడా నిలబడే చదువుతాడు. ఆ జాబు గూడా జ్ఞానప్రకాశం వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే చదివినాడు.

జాబులో మూడు సంగతులు ఉన్నాయి. ఒకటి, అక్టోబరు పదో తేదీ లోపల మద్రాసు ఏజెంటు దగ్గరికి రా, ఓడ మళ్లీ పోతోంది, విన్చి నీదే. రెండు, సంక్రాంతి దాటినాక నా పుస్తకం అచ్చుకు పోతుంది, అందులో నీ పేరు ఉంటుంది. మూడోది చదివేటప్పుడు ఓబులేసుకు ఏమీ అనిపించలేదు. పదిహేడు గొట్టాలు తీస్తే పదహారు ఒకే మాట చెప్తున్నాయట, కింద బూడిదమన్ను, పైన పచ్చమన్ను, అంటే ముందు మంచు, తరువాత ఎండ. ఏడోది ఒక్కటి మాత్రం తలకిందులుగా చెప్తోందట. ఆ చోట సముద్రం వేరే రకంగా నడుచుకుంది, మిగతాచోట్ల బొగ్గు అడుగుకు చేరే కాలంలో అక్కడ మాత్రం చేరలేదు, దానిమీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాస్తున్నాను అని డాక్టరు ఉత్సాహంగా రాసినాడు.

ఆ రోజు నుంచి జ్ఞానప్రకాశానికి అన్నం సహించలేదు. లేని సముద్రం ఒకటి తన సుద్దముక్కలోనుంచి పుట్టింది. ఎవరో దాన్ని చదువుతారు, చదివినవాళ్లు ఇంకొకరికి చెప్తారు. చెప్దామా అంటే ఓడ పోతుంది. నంబరు తప్పేసి ఏడాది నోరు మూసుకున్నవాణ్ణి ఎవడు మళ్లీ ఎక్కించుకుంటాడు? ఓడ లేకపోతే తను ఎవరు? యాభై దగ్గరపడింది, ఇప్పుడు ఊర్లో బావులకు మందుగుండు పెట్టి పేలుస్తున్నారు, పలుగు పట్టేవాడితో పనిలేదు. విన్చి దగ్గర మాత్రం ఆయన చెయ్యి పడితే తాడు మాట వింటుంది. డాక్టరు ఆయన వైపు చూసి తలూపితే చాలు, ఆ రోజుకు అదే కూడు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. పిరికి ఉపాయమే. మాట రాయకుండా ఆ పొట్టిముక్కను పంపిస్తే? కానుక అని చెప్పి పంపిస్తే? దాని నెత్తిన గోధుమరంగు మెత్తటి మన్ను నాలుగు వేళ్లు ఉంది. అది నిన్నమొన్న పడిన మన్నని డాక్టరు చూడగానే పట్టేస్తాడు. పైమన్ను ఇక్కడుంటే, పెట్టెలో ఒకటో నంబరు ఎట్ల పైదవుతుందని ఆయనే అనుకుంటాడు. ఎవరు తప్పు వేసినారో ఆయన అడిగే లోపల ఓడ మంచులో ఉంటుంది, తనను దించేయడానికి రేవు ఉండదు. సోమవారం పంపిద్దామని నిశ్చయించుకున్నాడు.

శనివారం నాడు ఆ నాలుగు వేళ్ల మన్ను జైనాబీ మొహానికి పోయింది.

గుడ్డ విప్పి వెలుతురులో చూసినాడు. గోధుమరంగు ఇంకా ఉంది, గోరుమందం. సారమ్మ గోరు గుర్తు కూడా దానిమీద ఉంది. ఆ గోరుమందం చూసి డాక్టరు పోలుస్తాడా? మరకేదో అంటిందనుకుంటాడా? దీన్ని పక్కన నిలబడి చెప్పే మనిషి లేకుండా పంపిస్తే అది ఉత్త మన్ను.

సాయంత్రం ఓబులేసును పిలిపించినాడు. జరిగిందంతా చెప్పినాడు. తలుపు దగ్గర చేటలో బియ్యం ఏరుతూ సారమ్మ వింటోంది. బియ్యంలో రాళ్లు ఆమెకు కనిపించడం మానేసినాయి.

ఓబులేసు వాకిట్లో నాలుగు సార్లు తిరిగి, మామా నీకేమన్నా పిచ్చా అన్నాడు. ఎక్కడి మంచు, ఎక్కడి ఆళ్లగడ్డ. ఆ పుస్తకం చదివేది లోకం మొత్తం మీద యాభై మంది. వాళ్లలో ఒకడు ఇంకో ఇరవై ఏండ్లకు పోయి మళ్లీ గొట్టం దించుతాడు, తప్పు వాడే పట్టుకుంటాడు, అప్పటికి నువ్వుండవు. పరీక్షలో తప్పు రాసినోళ్లంతా మాస్టర్లకు జాబులు రాసుకుంటా కూర్చుంటే పోస్టాఫీసులు చాలుతాయా? మాట దురుసే గానీ వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. సారమ్మ కూడా అదే అంది. నీ ఓడకు నువ్వే బొక్క పెట్టుకుంటావా, ఇంట్లో ఉంటే నీ మొగం మూడు నెలలకే నల్లబడతాది, నాకు తెలీదా అంది.

జ్ఞానప్రకాశం డబ్బా ఒళ్లోకి తీసుకున్నాడు. తరువాత తన అన్న పౌలు సంగతి ఎత్తినాడు. సారమ్మకు కూడా ఆయన అంతకుముందు పూర్తిగా చెప్పింది లేదు.

ఉయ్యాలవాడ పక్క ఒక ఆసామి ఇంట్లో జొన్నపాతర. తెరిచిన పాతరలోకి వెంటనే దిగకూడదు. ఒక రోజు వదిలేయాల, లేదా దీపం దించి చూడాల. దీపం ఆరితే మనిషీ ఆరతాడు. ఆ ఇంట్లో జీతగాడు సంజీవయ్యను ముందురోజే పాతర తెరిచిపెట్టమని చెప్పినారు. అతను మరిచిపోయినాడు. తెల్లారి గబగబా తెరిచినాడు. పౌలు వచ్చి, నిన్ననే తెరిచినావా అన్నా అని అడిగితే, మరిచిపోయినా అని చెప్పడానికి సిగ్గుపడి, ఊ అన్నాడు. అంతే. నిన్న తెరిచిన పాతరకు దీపమెందుకని పౌలు దిగినాడు. బయటికి తీసేటప్పుడు తాడు పట్టుకున్నవాళ్లలో జ్ఞానప్రకాశం ఒకడు. అప్పుడు పదహారేండ్లు.

“సంజీవయ్య చెడ్డోడు కాదు” అన్నాడు. “మా ఇంటికి ఏటా జొన్నలు మోసుకొచ్చి పోసేటోడు, చచ్చేదాకా. ఒక్క ఊ అన్నాడు, అంతే. ఈడ ఎవురూ సచ్చేది లేదు, నాకూ తెలుసు. అయినా నేను గూడా ఊ అనే కూర్చున్యా గదరా.”

ఓబులేసు తిరగడం ఆపినాడు. సారమ్మ చేట కింద పెట్టి, లేచి లోపలికి పోయింది. ఏదో వెతుకుతున్న చప్పుడు.

కాగితం తీసుకొని ఓబులేసు రాసినాడు, అది కూడా నిలబడి, గోడగూటి అంచు మీద పెట్టుకొని. ఒక పేజీ నిండింది. చదివి వినిపించమన్నాడు జ్ఞానప్రకాశం. కాలేజీ ఇంగ్లీషు గలగలా పారింది. జ్ఞానప్రకాశానికి వచ్చిన ఇంగ్లీషు ఓడ ఇంగ్లీషు. పైకి, కిందికి, ఆగు, మెల్లగా, ఎవరు చేసినారు. ఆ చివరి మాటకు జవాబు కోసం ఆయన చెవి ఒగ్గినాడు.

“ఆ నంబర్ల సంగతి మళ్లీ చదువు.”

“ఇట్ వాజ్ నంబర్డ్ రాంగ్లీ.”

“ఐ యాడుంది?”

“ఏ ఐ మామా?”

“నేను అనే ఐ. ఓడలో ఏదన్నా పగిలితే డాక్టరు ముందు అడిగేది అదే. ఎవురు? ఐ అంటే ఒకసారి అరిచి వదిలేసేటోడు. నువ్వు రాసింది జూస్తే నంబర్లు వాటంతట అవే తప్పు పడినట్టుంది.”

అట్ల రాస్తే మర్యాదగా ఉంటుందని ఓబులేసు అన్నాడు. జబ్బుగా పండుకున్న కుర్రదొర మీదికి పోతాది ఆ మర్యాద, అన్నాడు జ్ఞానప్రకాశం. నంబర్లు వేసే పని అతనిది. పేరు లేకపోతే పేరు అతనిదే అవుతుంది. ఓబులేసు ఆ కాగితం చించేసినాడు. రెండోసారి నేల మీద కూర్చొని రాసినాడు. ఏడో గొట్టానికి నంబర్లు వేసింది నేను. మొదట వచ్చిన ముక్కకు ఒకటి వేసినాను, మా బావుల దగ్గర అట్ల వేస్తాం. మూడు రోజులకు తెలిసింది. చెప్పలేదు. దీనితో పంపే మన్ను ఆ గొట్టం నెత్తిది, దారం ఉన్న వైపు పైది. మెత్తది నాలుగు వేళ్లు ఉండేది, ఇంట్లో కొంత పోయింది, మిగిలింది గోరుమందం. అక్టోబరు పదికి నేను మద్రాసుకు వచ్చేదీ రానిదీ మీరు చెప్పినట్టు.

ఎట్ల పోయిందో గూడా రాయాలా అని ఓబులేసు అడిగితే, జ్ఞానప్రకాశం మొహాన ఆ నెలలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. వద్దులే, ఆడపిల్ల మొగం మీద పడిందంటే ఆయన ఇంకో అధ్యాయం రాస్తాడు, అన్నాడు.

సారమ్మ క్రిస్మస్‌కు దాచిన రెండు కొవ్వొత్తులు తెచ్చింది. కరిగించి, మన్నుముద్దకు చుట్టిన గుడ్డ మీద పోసింది. ఆయన గుడ్డ కొసలు పట్టుకున్నాడు. డబ్బా మూత బిగించి, మూత వైపు జ్ఞానప్రకాశం ఇంకో తెల్లదారం కట్టినాడు. ఓబులేసు దానిమీద ఇంగ్లీషులో ‘పైకి’ అని రాసి బాణం గుర్తు వేసినాడు. ఒక బాణం చాలదని జ్ఞానప్రకాశం ఇంకో రెండు వేయించినాడు.

వేరే దేశం పార్సిలు ఆళ్లగడ్డలో తీసుకోరు. నంద్యాల పెద్దపోస్టాఫీసుకు పోవాల. సోమవారం పొద్దున్నే బస్సు కాడికి ముగ్గురూ వచ్చినారు. డబ్బా జ్ఞానప్రకాశం చేతుల్లోనే ఉంది. బస్సు నిండుతోంది. కండక్టరు రెండుసార్లు పిలిచినాడు. ఆయన మెట్టు మీద కాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, కిందికి దిగినాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది.

“ఓబులేసూ, నువ్వు పోరా నాయనా” అన్నాడు.

“నేనా? జాబు నీది గదా మామా.”

“నేను పోతే శిరివెళ్ల కాడ దిగి ఎనక్కొచ్చే బస్సెక్కుతా. నన్ను నేను ఎరుగుదు.” డబ్బా వాడి చేతుల్లో పెట్టి, తన చేతులు మాత్రం ఇంకా తీయలేదు. “బస్సు పైన సామాన్లలో వేయొద్దు. కాళ్ల కాడ పెట్టొద్దు. ఒళ్లో నిలబెట్టుకోని రెండు చేతులతో పట్టుకో. నీకు కూర్చునే గుణం లేదు, నాకు తెలుసు. ఈ ఒక్క దినం నంద్యాల దాకా లేయొద్దు. దారం ఉండే వైపు పైకుండాల.”